హెచ్చెమ్ గారి సున్నా ఆట

జొన్నలగుంట హైస్కూలు హెడ్మాస్టరు ఆదెయ్య గారికి దేవుడంటే భక్తి, మెమో అంటే భయం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన సర్వీసు మీద ఒక్క మరక పడలేదు. మరక పడకుండా ఉండాలంటే ఏం చేయాలో ఆయన తొలి రోజుల్లోనే కనిపెట్టారు. ఏమీ చేయకూడదు. పై నుంచి కాయితం వస్తే సంతకం పెట్టి కిందికి తోయాలి. కింది నుంచి వస్తే సంతకం పెట్టి పైకి తోయాలి. మధ్యలో తానొకడు ఉన్నట్టు ఆ కాయితానికి కూడా తెలియకూడదు. ఈ ఒక్క విద్యతో ఆయన రిటైర్మెంటు గుమ్మం దాకా వచ్చేశారు. ఈ వేసవి సెలవులిస్తే ఇక ఇంటికే.

పేరుకి హెడ్మాస్టరే గానీ ఆయన అసలు లెక్కల మేష్టారు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో మీసాలొచ్చిన ప్రతివాడూ ఆయన దగ్గర "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" అని అరిచినవాడే. అలా ఎందుకవుతుందని ఆయన ఎవర్నీ అడగలేదు, ఆయన్నీ ఎవరూ అడగలేదు. ఒకసారెప్పుడో ఒక తిక్క కుర్రాడు అడిగితే "రూలు" అన్నారు. రూలన్నాక ఇంకేముంది? రైలు పట్టాల మీదే ఎందుకు పోతుందని ఎవరైనా అడుగుతారా?

ఆ రోజు మధ్యాహ్నం ఆయన తన గదిలో కూర్చుని తుమ్ముతున్నారు. బడి ఆవరణ సగం ఎర్రగా ఉంది. విద్యా కమిటీ చైర్మన్ కోటేష్ ఏటా తన మిరపకాయలు బడి గ్రౌండులోనే ఆరబోస్తాడు. "పిల్లకాయలు ఆడుకునే చోటు, కాస్త శుభ్రంగా ఉంటది మేష్టారూ" అని మొదటి ఏడే చెప్పాడు. ఆ చోట ఇప్పుడు పిల్లకాయలు ఆడుకోరు, మిరపకాయలు ఆడుకుంటాయి. పొద్దున ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు వాక్యానికో తుమ్ము తప్పదు.

అంతలో ఏడో తరగతి గదిలోంచి ఒక్కసారిగా కేక లేచింది.

"సున్నా! సున్నా కొట్టేశా టీచర్!"

ఆదెయ్య గారు ఉలిక్కిపడ్డారు. సున్నా వస్తే ఏడ్చే పిల్లల్ని ఆయన చాలామందిని చూశారు. సున్నా వచ్చిందని సంబరపడే పిల్లని చూడలేదు. లేచి, చెప్పులు చప్పుడు కాకుండా వరండాలో నడిచి, కిటికీలోంచి తొంగి చూశారు.

చూసి గోడ పట్టుకున్నారు.

చీమకుర్తి క్వారీల నుంచి ఎవరో దాత పంపిన ముక్కల గ్రానైటు పరిచిన ఆ గదిలో, పిల్లలు గుండ్రంగా గుంపులు గుంపులుగా బాసింపట్లు వేసుకుని ఉన్నారు. ప్రతి గుంపు మధ్యలో పేక. చేతుల్లో ముక్కలు విసనకర్రల్లా పరుచుకున్నాయి. కోటేష్ కూతురు తేజశ్రీ ఆఠీను అయిదుని తీసి నేలకేసి కొట్టిన తీరు చూస్తే, వాళ్ళ నాన్న చేతి విసురు అచ్చుగుద్దినట్టు దిగింది. ఇంతమందికీ మధ్యలో లెక్కల టీచరు నజీరా, చీర కుచ్చిళ్ళు సర్దుకుని తానూ నేల మీదే కూర్చుని, "ఎంత ఉండేది? ఇప్పుడెంత అయింది? గట్టిగా చెప్పు" అంటోంది.

"నజీరా టీచర్! ఒకసారి ఆఫీసు రూముకి రండమ్మా" అన్నారు ఆదెయ్య గారు.

నజీరాది చిలకలూరిపేట. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది గానీ, భయపడటం ఇంకా నేర్చుకోలేదు. వచ్చి ప్రశాంతంగా చెప్పింది.

"పూర్ణ సంఖ్యలు సార్. ఎంత చెప్పినా రావట్లేదు. అందుకని ఆట పెట్టాను. బొమ్మ ముక్కలు తీసేశాను. నల్లవి ప్లస్, ఎర్రవి మైనస్. చేతిలో ముక్కలన్నీ కలిపితే సున్నా రావాలి. వంతు వచ్చినప్పుడు ఒక ముక్క తీసుకోవచ్చు, లేదా ఒకటి వదిలేయొచ్చు. ఏం చేసినా మొత్తం పైకి చెప్పాలి. తప్పు చెబితే వంతు పోయింది."

"అమ్మా, అవి పేక ముక్కలు."

"అవును సార్."

"బళ్ళో."

"అవును సార్. సంతలో కొన్నాను. నా డబ్బులే."

"ఎవరి డబ్బులని కాదమ్మా. పేపర్లో ఎలా పడుతుందో ఊహించు. పాఠశాలలో పేకాట శిబిరం, ప్రధానోపాధ్యాయుడు పరారీ."

"మీరు పరారీ అవడం దేనికి సార్?"

ఆదెయ్య గారు ముక్కలన్నీ తెప్పించి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఆ జేబుని రెండుసార్లు తడిమి చూసుకున్నారు.

అయినా వార్త ఆగుతుందా? మర్నాడు పొద్దున్నే కోటేష్ వచ్చాడు. ఒక్కడే రాలేదు, ఊరి పెద్దమనుషుల్ని వెంటేసుకుని మరీ వచ్చాడు. అందరూ ఎర్రగా కందిన కళ్ళతో ఉన్నారు. కోపమో, కల్లంలో మిరపకాయల ఘాటో చెప్పడం కష్టం.

"ఏం మేష్టారూ, ఇదేనా చదువు? రాత్రి నా కూతురు నా పక్కన కూర్చుని, నాన్నా ఆ ఇస్పేటు తొమ్మిది ఉంచుకోవడం తప్పు, వదిలెయ్ అంటది! నా ఫ్రెండ్స్ ముందర! తల కొట్టేసినట్టయింది."

"అంటే ఇంట్లో ఆడుతున్నారా కోటేష్ గారూ?" అని నోరు జారారు ఆదెయ్య గారు.

కోటేష్ కండువా సర్దుకున్నాడు. "మేం ఆడటం వేరు. మగాళ్ళం, కష్టపడి పండించుకుంటాం, ఓ గంట కాలక్షేపం. పసిపిల్లలకి, అందులోనూ ఆడపిల్లలకి నేర్పుతారా? సమాజం ఏమైపోవాల?"

వెనకున్న పెద్దమనుషులంతా తలలూపారు. పోయినేడు సంక్రాంతి ముందర పత్తి గోడౌనులో పేకాట మీద పోలీసులు దాడి చేసినప్పుడు పట్టుబడినవాళ్ళు, గోడ దూకి తప్పించుకున్నవాళ్ళు ఆ తలల్లో సమానంగా ఉన్నారు. పట్టుబడినవాళ్ళే సమాజం గురించి ఎక్కువ బాధపడ్డారు.

"ఇకనుంచి ఉండదండీ. నాది పూచీ" అని ఆదెయ్య గారు చేతులు జోడించారు. పక్కనే నిలబడ్డ నజీరా పెదవి కొరుక్కుని క్లాసుకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఏడో తరగతిలో కేకలు లేవు. పిల్లలు మళ్ళీ బుద్ధిగా కూర్చుని, మళ్ళీ బుద్ధిగా తప్పులు రాశారు. ఆదెయ్య గారికి ప్రాణం కుదుటపడింది.

కుదుటపడిన ప్రాణం వారం కూడా నిలవలేదు. ఒక సాయంత్రం బడి వదిలే వేళకి మండల విద్యాధికారి ఫోను చేశారు.

"ఆదెయ్య గారూ, పై నుంచి అర్జెంటు. ఆటపాటలతో గణితం అని కొత్త కార్యక్రమం. ప్రతి మండలంలోనూ ఇది ఇప్పటికే బ్రహ్మాండంగా జరుగుతున్నట్టు ఫోటోలు కావాలంట. సాయంత్రం ఆరింటికల్లా. ఎవర్నడిగినా ఆటలా, లెక్కల్లోనా అని నవ్వుతున్నారు. నా మీద మెమో పడేటట్టుంది. మీ బళ్ళో ఏమన్నా..."

మెమో అన్న మాట చెవిన పడగానే ఆదెయ్య గారి నోరు ఆయన్ని అడగకుండానే తెరుచుకుంది. "మా బళ్ళో ఎప్పటి నుంచో జరుగుతోందండీ."

జేబు తడుముకున్నారు. బీరువా తెరిచారు. అటెండరుని పరిగెత్తించి, అప్పుడే గేటు దాటుతున్న పిల్లల్ని వెనక్కి పిలిపించారు. నజీరాకి సంగతి చెబితే ఆమె ముఖం వెలిగింది. "అయితే ఆడించమంటారా సార్?"

"ఆడించడం కాదమ్మా, ఫోటో. ముందు ఆ బొమ్మలు కనిపించకూడదు."

ఆ ముక్కల మీద ఆఠీనూ ఇస్పేటూ గుర్తులకి తెల్ల కాయితాలు అంటించారు. పేక ముక్క అన్న పేరు ఆ క్షణం నుంచి రద్దయింది, "గణిత ఫలకం" అన్నది అమల్లోకొచ్చింది. పిల్లలు ముక్కలు చేతికొచ్చాయని నిజంగానే ఆట మొదలుపెట్టేసరికి ఆదెయ్య గారు కసిరారు. "ఆడొద్దర్రా! కెమెరా వంక చూసి నవ్వండి. ఆడితే ముఖాలు సీరియస్‌గా పడుతున్నాయి." పిల్లలు నవ్వారు. ఆరింటికి ఫోటోలు వెళ్ళాయి. ఆరున్నరకి పై నుంచి అభినందనలు వచ్చాయి.

ఆ తర్వాత జరిగినవి ఆదెయ్య గారు కలలో కూడా అనుకోనివి. జొన్నలగుంట ఆదర్శ పాఠశాల అయింది. "సున్నా ఆట రూపశిల్పి" అంటూ బడి గేటుకి ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆదెయ్య గారి ఫోటో తమలపాకంత ఉంది, కోటేష్ ఫోటో గుమ్మమంత ఉంది. "ఆటలతోనే చదువు, అదే మా బాట" అని కోటేష్ పేరు కింద రాయించారు. నజీరా ఫోటో ఏదని ఎవరో అడిగితే, ఫ్లెక్సీలో చోటు చాలలేదన్నాడు కోటేష్. ఆదెయ్య గారికి లోపల ఎక్కడో గుచ్చుకుంది గానీ, గుచ్చుకున్న దాన్ని చూసుకోవడం ఆయనకి అలవాటు లేదు.

చివరికి పెద్ద పిడుగు పడింది. జిల్లాలోని లెక్కల టీచర్లందరికీ శిక్షణ. శిక్షకుడు ఆదెయ్య గారు. పాఠం ఎలా చెప్పాలో స్లైడులు పై నుంచే వచ్చాయి. మొదటి ఇరవై స్లైడుల్లో ఆట ప్రాముఖ్యత, తర్వాతి ఇరవైలో ఆట లక్ష్యాలు, ఆ తర్వాత ఆట మూల్యాంకనం. చిట్టచివరి స్లైడులో ఒక్క వాక్యం: "ఫలకములకు నిధులు లేనందున ఉపాధ్యాయులు ఫలకములున్నట్లు ఊహించుకొని ఆడవలెను."

ఊహించుకోవడానికైనా ఆట తెలియాలిగా. ఆదెయ్య గారికి తెలీదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ నజీరా దగ్గరికి వెళ్ళారు. పిల్లల పళ్ళాల చప్పుడులో తన మాట ఎవరికీ వినపడదని చూసుకుని అడిగారు. "అమ్మా, ఆ ఆట... ఒకసారి చెబుతావా?"

నజీరా ఆయన వంక చూసింది. దెప్పుతుందేమో అనుకున్నారు. దెప్పలేదు. బ్యాగులోంచి కొత్త పేక తీసి ఇచ్చింది. "చెబితే రాదు సార్. ఆడాలి. అమ్మగారితో ఆడండి."

"మా ఆవిడతోనా? ఆవిడకి లెక్కలు రావమ్మా."

"అయితే ఇంకా మంచిది" అంది నజీరా.

ఆదెయ్య గారి భార్య సుబ్బరావమ్మ పదో తరగతి లెక్కల్లో తప్పింది. వాళ్ళ నాన్న అంతటితో చదువు మాన్పించి, లెక్కలు రాని పిల్లకి లెక్కల మేష్టారే సరైన మందు అనుకున్నాడో ఏమో, ఆదెయ్య గారికిచ్చి పెళ్ళి చేశాడు. పెళ్ళయిన దగ్గర నుంచి నలుగురు కూడినప్పుడల్లా ఆదెయ్య గారు ఒకే జోకు వేసేవారు. "మా ఇంట్లో ఇద్దరం. నేను ప్లస్సు, ఆవిడ మైనస్సు. అందుకే సంసారం సున్నా దగ్గర బ్యాలెన్సుగా ఉంది." అందరూ నవ్వేవాళ్ళు. సుబ్బరావమ్మ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయేది.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధి గుమ్మం దగ్గర గాలికి చాప వేసుకుని, ఇద్దరి మధ్యా పేక పెట్టి ఆయన నియమాలు చెప్పారు.

"మా పెద్దమ్మావాళ్ళింట్లో మేమూ పేకాడేవాళ్ళమండీ" అంటూ ఆవిడ ముక్కలు కలిపింది. ఆ కలపడం చూసి ఆదెయ్య గారు నోరు తెరిచారు. ముక్కలు పిచ్చుకల్లా ఎగిరి ఒకదాని మీద ఒకటి వాలాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చేతులు అలా తిరుగుతాయని ఆయనకి తెలీదు.

మొదటి ఆట ఆవిడే గెలిచింది. రెండోదీ ఆవిడే. మూడో ఆటలో ఆవిడ చేతిలో మూడు ముక్కలున్నాయి. ఎర్ర అయిదు, ఎర్ర ఏడు, నల్ల నాలుగు.

"మైనస్ ఎనిమిది" అంది లెక్కేసుకుని. ఎర్ర అయిదు తీసి చాప మీద పడేసింది. "ఇప్పుడు... మైనస్ మూడు." అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి. "అదేంటండీ? వదిలేస్తే తగ్గాలి కదా. ఎనిమిది అడుగుల లోతున ఉన్నదాన్ని మూడు అడుగులకి వచ్చాను. పైకెలా వచ్చాను?"

"అది రూ..." అన్నారు ఆదెయ్య గారు.

మిగతా అక్షరం నోట్లోనే ఉండిపోయింది. ఆయన చాప మీద పడి ఉన్న ఎర్ర అయిదు వంక చూస్తున్నారు.

"నువ్వు వదిలేసింది ఎర్రది కదే" అన్నారు నెమ్మదిగా, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. "ఎర్రది నిన్ను కిందికి లాగే ముక్క. కిందికి లాగేది పోతే... పైకి రాక ఏం చేస్తావు?"

"అవును కదా!" అంది ఆవిడ.

"అట్లాంటి ఎర్ర అయిదులు రెండు వదిలేశావనుకో..."

"పది పైకొస్తా."

"రెండు తీసేశావు, అది మైనస్ రెండు. ఒక్కోటీ మైనస్ అయిదు. మైనస్ రెండు ఇంటూ మైనస్ అయిదు... ప్లస్ పది." ఆదెయ్య గారు చాప మీద నుంచి లేచారు. ఎందుకు లేచారో ఆయనకే తెలీదు. గుమ్మం దాకా వెళ్ళి, రోడ్డు మీద పోతున్న మిరపకాయ బస్తాల ట్రాక్టరు వంక చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. జుట్టు నెరిసేదాకా పలికిన మంత్రానికి ఆ రోజు అర్థం తెలిసిన పూజారిలా ఉంది ఆయన వాలకం.

సుబ్బరావమ్మ మాత్రం ముక్కలు పక్కన పెట్టేసింది.

"ఇంతేనాండీ?"

"ఇంతే."

"ఇంతే అయితే మరి నాకెందుకు రాలేదు?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. కోపమే ఉంటే ఆయన ఏదో ఒకటి సర్దిచెప్పేవారు. ఆవిడ నిజంగానే అడుగుతోంది. ఎప్పుడో పోయిన వస్తువు ఇంట్లోనే అటక మీద దొరికితే, ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా అని అడిగినట్టు అడుగుతోంది. ఆదెయ్య గారు తల దించుకుని ముక్కలు కలపబోయారు. రాలేదు. చాపంతా చెల్లాచెదురయ్యాయి. సుబ్బరావమ్మే ఏరి, కలిపి, పంచింది.

శిక్షణ రోజు వచ్చింది. పొద్దున్నే జ్యోతి వెలిగించారు. వేదిక మీదున్న ప్రతివారూ ఆటలు ఎంత ముఖ్యమో చెప్పారు. అలా చెబుతూ చెబుతూ ఆట ఆడే సమయం కాస్తా మింగేశారు. ఆదెయ్య గారి వంతు భోజనాల తర్వాత వచ్చింది. అధికారులు వేరే మీటింగుందని వెళ్ళిపోయారు. హాల్లో టీచర్లు కడుపు నిండా బిర్యానీ తిని, కుర్చీల్లో ఒరిగి, తెర వంక చూస్తున్నట్టు ఊహించుకుంటున్నారు.

ఆదెయ్య గారు పన్నెండో స్లైడు దాకా చదివారు. వెనక వరసలో ఎవరో గురక పెట్టారు. ఆ గురకలో ఆయనకి, తన క్లాసులన్నీ ఒకదాని వెనక ఒకటి వినపడ్డాయి.

స్లైడు ఆపేశారు.

"మైనస్ ఇంటూ మైనస్ ఎంత?" అని గట్టిగా అడిగారు.

"ప్లస్" అన్నారు సగం నిద్రలో అందరూ.

"ఎందుకు?"

ముందు వరసలో ఉన్న ఒకాయన, అద్దంకి వైపు నుంచి వచ్చిన సీనియర్ మేష్టారు నాగూర్ వలి గారు, నవ్వుతూ "అది రూలు కదండీ" అన్నారు.

"నేనూ అదే చెప్పానండీ. మొన్న ఆదివారం దాకా" అన్నారు ఆదెయ్య గారు. తర్వాత మైకు దగ్గరికి లాక్కుని చెప్పారు. "ఈ ఆట నాది కాదు. ఆ మూల కూర్చున్న నజీరా టీచరు గారిది. నాకు రూపశిల్పి అని ఫ్లెక్సీ కట్టారు గానీ, నాకు ముక్కలు కలపడం కూడా రాదు. అమ్మా, పేకలు తెచ్చావా?"

నజీరా తెచ్చింది. అడుగుతారని కాదు, ఒకవేళ అడిగితే అని సంచీ నిండా తెచ్చింది.

కుర్చీలు గోడకి జరిగాయి. లెక్కల టీచర్లు ప్యాంట్లు పైకి లాక్కుని, చీరలు సర్దుకుని నేల మీద కూర్చున్నారు. మొదట్లో మొహమాటంగా నవ్వుకున్నారు. తర్వాత నవ్వు పోయింది. "వదిలెయ్యండి సార్, ఎర్రది వదిలెయ్యండి!" "మొత్తం తప్పు చెప్పారు, వంతు పోయింది!" "ఏంటి మేడం, నా ముక్కలు చూస్తున్నారు!" నాగూర్ వలి గారు వరసగా రెండు వంతుల్లో రెండు ఎర్ర ఆరులు వదిలేసి, పన్నెండు పైకి రావడం చూసి, "ఓర్నీ, దీనికా ఇన్నాళ్ళూ రూలు రూలని పిల్లల్ని బెత్తంతో కొట్టాను!" అన్నారు. ఎవరూ ఫోను చూడలేదు. టీ వచ్చి చల్లారిపోయింది.

ఎవరో "సున్నా!" అని హాలు దద్దరిల్లేలా అరిచారు. సరిగ్గా అదే సమయానికి ముగింపు ఉపన్యాసానికి ఒక పెద్ద అధికారి లోపలికొచ్చారు, ఆయన వెంట ఒక విలేకరి.

మర్నాడు పేపర్లో ఫోటో చాలా స్పష్టంగా వచ్చింది. నేల మీద గురువులు, చేతుల్లో ముక్కలు, మధ్యలో నిలబడి నవ్వుతున్న ఆదెయ్య గారు. పైన "శిక్షణలో పేకాట!" అని అక్షరాలు. తెల్ల కాయితాలు అంటించడం ఎవరికీ గుర్తు రాలేదు.

మండల విద్యాధికారి ఫోను చేసి, ఆయనెవరో తనకి తెలియనట్టు "తమరేనా ఆదెయ్య?" అన్నారు. కోటేష్ సాయంత్రంలోగా ఫ్లెక్సీ విప్పించి, తిరగేసి, మిరపకాయల కుప్ప మీద మంచు పడకుండా కప్పించాడు. మూడో నాడు మెమో వచ్చింది. బాధ్యతాయుతమైన పదవిలో ఉండి జూద సామగ్రిని ప్రోత్సహించినందుకు సంజాయిషీ ఇవ్వవలసింది.

ఆదెయ్య గారు ఆ కాయితాన్ని చేతిలో పట్టుకుని తన గుండె చప్పుడు కోసం చూశారు. ఎన్నో ఏళ్ళుగా భయపడిన క్షణం అది. కాళ్ళు చల్లబడతాయని, చెమట పడుతుందని ఎదురు చూశారు. ఆకలి మాత్రం వేసింది. క్యారేజీ తెరిచి గోంగూర పచ్చడన్నం తినేసి, చేయి కడుక్కుని సంజాయిషీ రాశారు. నాలుగే వాక్యాలు. పేక వాడిన మాట నిజం. పిల్లలకి, టీచర్లకి, తనకి లెక్క అర్థమైన మాట కూడా నిజం. ఆటను రూపొందించినవారు నజీరా టీచరు, దాన్ని హాల్లోకి తెచ్చినది తాను. కాబట్టి మెచ్చుకోలు ఉంటే ఆమెకు, మెమో ఉంటే తనకు పంపగలరు.

మెచ్చుకోలు ఎవరికీ రాలేదు. ఆదెయ్య గారికి "ఇకమీదట జాగ్రత్తగా ఉండవలెను" అని హెచ్చరిక వచ్చింది. ఇకమీదట అన్నది ఆయనకి నెల్లాళ్ళే మిగిలింది కాబట్టి జాగ్రత్తగానే ఉన్నారు. అంటే నజీరా క్లాసు తలుపు దగ్గరికేసి, వరండాలో తాను కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. లోపల కేకలు లేస్తే, రోడ్డు మీద పోయేవాళ్ళకి వినపడకుండా గట్టిగా దగ్గేవారు. మిరపకాయల కాలం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కార్యక్రమం మాత్రం ఆగలేదు. ఒకసారి మొదలైన ప్రభుత్వ కార్యక్రమం ఆగిన చరిత్ర లేదు, పద్ధతి మారుతుందంతే. ఏడో తరగతి సంవత్సరాంత పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. "ఫలకముల ఆట నియమములను వ్రాయుము." గైడు అమ్మేవాళ్ళకి ఇది ముందే తెలిసినట్టుంది, జవాబు పది పాయింట్లుగా అచ్చయి ఉంది. పక్క ఊరి పిల్లలు, జీవితంలో పేకముక్క ముట్టుకోనివాళ్ళు, ఆ పాయింట్లు బట్టీపట్టి పూర్తి మార్కులు కొట్టారు. తేజశ్రీ మాత్రం "ముందు బొమ్మ ముక్కలు తీసి పక్కన పెట్టాలి, మా నాన్నకి ఇవ్వకూడదు" అని మొదలుపెట్టి, తన పద్ధతిలో రాసింది. పక్క బడి నుంచి వచ్చి దిద్దిన టీచరు సగం మార్కులే వేశారు. నజీరా ఆ పేపరు తెచ్చి చూపిస్తే, ఆదెయ్య గారు కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"వచ్చే ఏడు ఏం చేస్తావమ్మా?" అని అడిగారు.

"ఆట సిలబస్‌లో పడింది కదా సార్, ఇక పిల్లలు ముట్టుకోరు. ఇంకోటేదో ఆలోచించాలి" అంది నజీరా. ఆలోచిస్తున్నట్టే ఉంది ఆమె ముఖం.

వీడ్కోలు సభలో కోటేష్ శాలువా కప్పి, మచ్చలేని మేష్టారని పొగిడాడు. మెమో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆదెయ్య గారే మైకు తీసుకుని ఎత్తారు. అందరూ ఇబ్బందిగా చప్పట్లు కొట్టారు.

రిటైరైన నెలకి ఇంట్లో ఒక పుస్తకాల కట్ట దిగింది. సుబ్బరావమ్మ ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు రాయించుకుని వచ్చింది. ఆయన్ని అడగలేదు, వచ్చాక చెప్పింది. "మీరు చెప్పండి. కానీ రూలన్నారంటే మర్యాద దక్కదు."

మొదటి వారం సాఫీగా నడిచింది. రెండో వారం, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ పుస్తకం గట్టుకి ఆనించుకున్న ఆవిడ కేకేసింది.

"ఏవండీ, భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలని ఉంది. తలకిందులు చెయ్యడం దేనికండీ?"

ఆదెయ్య గారు గుమ్మంలోకి వచ్చారు. నోరు తెరిచారు. పుస్తకం అందుకుని ఆ వాక్యం తానూ చదివారు.

"తెలీదే" అన్నారు.

లెక్కల మేష్టారి నోట ఆ మాట రావడం సుబ్బరావమ్మ ఎన్నడూ వినలేదు. కత్తిపీట ముందు నుంచి తలెత్తి ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత పప్పులోకి తెచ్చిన దోసకాయ తీసి సగానికి కోసి, ఒక సగం ఆయన ముందు పెట్టింది.

"ఇది అర. ఇందులో పావులెన్నున్నాయి?"

"రెండు."

"మరి అరని పావుతో భాగిస్తే రెండేగా రావాల? కూర్చోండి, కోసి చూద్దాం."

ఆదెయ్య గారు కింద కూర్చున్నారు. దోసకాయ అరలైంది, పావులైంది, అరపావులైంది, ఆఖరికి ఎందుకూ పనికిరాకుండా పోయింది. చేదుదో కాదో కూడా ఎవరూ చూడలేదు. ఆ పూట వాళ్ళింట్లో ఉత్త పప్పే.